చూసి నేర్చుకునే పిల్లలకు విడిగా కృత్యాలు అవసరమా?

ఏడో తరగతి పిల్లలను చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు అని విడదీశాక మొదటి గుంపుతో ఏ కృత్యాలు చేయించాలని అడిగారు. నేను 19 ఏళ్లుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మీరు చేయబోతున్న ఆ విడదీత నేనూ ఒక ఏడాది చేశాను. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

ఒక శిక్షణలో ఇచ్చిన ప్రశ్నావళిని నింపించి, 42 మందిని మూడు గుంపులు చేశాను. బొమ్మల గుంపుకు రంగుల చార్టులు, మిగిలినవారికి నా గొంతు. నెల తిరగకుండానే ఒక అబ్బాయి, ‘నేను వినే గుంపు కదా సార్, నాకు పటాలు రావు’ అంటూ అట్లాసు మూసేశాడు. వాడికి ఆ సాకు అందించింది నేనే! తరువాత ఈ విషయం గురించి చదివాను. ఇలాంటి ప్రశ్నావళుల్లో బాగా ప్రచారంలో ఉన్నది న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1987లో రూపొందించిన నమూనా. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటివరకు జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టారు. పిల్లల శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని తేల్చారు. అంతమాత్రాన బొమ్మలు మానేయనక్కర లేదు. మాటకు బొమ్మ తోడైతే ఎవరికైనా మేలే. ఏ బొమ్మ కావాలో పాఠమే చెబుతుంది. నదుల పాఠం పటం లేకుండా నడవదు, వేమన పద్యానికి చార్టుతో పనిలేదు.

మా బడిలో బాగా కుదిరిన కృత్యం ముగ్గు పటం. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. వంద కిలోమీటర్లకు ఒక అడుగు లెక్కన పద్నాలుగున్నర అడుగులకు కాస్త ఎక్కువ పురికొస కొలిచి తెంచమంటాను. అట్లాసు చూస్తూ దాన్ని వరండాలో వంపులు తిప్పి పరిచి, దాని వెంట ముగ్గు పోస్తారు. ముగ్గు అమ్మాయిల పని అని మొదట పక్కన నిలబడ్డ మగపిల్లలు పాపికొండల దగ్గరికి వచ్చేసరికి డబ్బా లాక్కున్నారు. త్ర్యంబకం దగ్గర ఒక రాయి, బాసర దగ్గర ఒకటి, ధవళేశ్వరం ఆనకట్టకు ఒక స్కేలు. స్కేలు దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా చీల్చాలి.

అసలు లాభం నడిపించినప్పుడు తెలిసింది. కుడి ఒడ్డు ఉపనది, ఎడమ ఒడ్డు ఉపనది అని ఎన్నిసార్లు చెప్పినా పటంలో కిందామీదా పడేవారు. నది పారే దిక్కుకు ముఖం పెట్టి ముగ్గు మీద నడిస్తే మంజీర కుడిచేతి వైపు నుంచి, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎడమచేతి వైపు నుంచి వచ్చి కలుస్తాయి. ఇక బట్టీ పట్టాల్సిన పని లేదు. మరుసటి వారం నాగార్జునసాగర్ కుడి కాలువ గుంటూరు వైపు ఎందుకు పోతుందో ఒక అమ్మాయి తనంతట తానే చెప్పింది.

మరునాడు పుస్తకాలు మూయించి, తెల్లకాగితం మీద ఆ నదిని జ్ఞాపకం నుంచి గీయమంటాను. ఈ భాగాన్ని మాత్రం వదలకండి. మనం గీసి తగిలించిన చార్టు నాలుగు రోజులకు గోడలో కలిసిపోతుంది. పిల్లలు గీసిన వంకర నదిలో వారికి ఏం తెలియదో బయటపడుతుంది. బొమ్మ అందానికి మార్కులు వేయను. శబరిని ధవళేశ్వరానికి ఎగువన కాక పొరపాటున దిగువన కలిపారా, అదే చూస్తాను.

మా లెక్కల మేడం (ఎ+బి) వర్గానికి చదరపు కాగితం కత్తిరింపిస్తారు. 13ను 10+3గా తీసుకుంటే దాని వర్గంలో వంద, తొమ్మిది పోగా 30 చొప్పున రెండు దీర్ఘచతురస్రాలు మిగులుతాయి. 2ఎబి మరిచిపోవడం చాలా తగ్గిందని ఆవిడ అంటారు.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. నా తరగతిలో ఒక పిల్లవాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని రెండేళ్ల తరువాత గానీ నాకు తెలియలేదు. అప్పటిదాకా అడవుల పటంలో తప్పులు పెడుతున్నాడని కోప్పడేవాణ్ని. ఇప్పుడు రంగుతో పాటు గీతలు, చుక్కలు కూడా వేయిస్తున్నాను.

ముగ్గు పటం వేస్తే ఆయమ్మకు ముందే చెప్పి ఉంచండి. మేము చెప్పని రోజున మధ్యాహ్న భోజనం అయ్యేసరికి రాజమహేంద్రవరం నుంచి సముద్రం దాకా ఊడ్చేసి ఉంది.