బ్యాలెట్ పేపర్ మీద ఎవరి పేరు ఎక్కడ? ఎవరు డిసైడ్ చేస్తారు?

2025 డిసెంబర్లో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు అయినప్పట్నుంచి ఈ శీర్షికకి బ్యాలెట్ పేపర్ మీదే ప్రశ్నలు ఎక్కువ వస్తున్నాయి, అందుకే ఈసారి మొత్తం వాటికే ఇచ్చేశా.

ప్రశ్న: మా అత్తమ్మ సర్పంచ్ ఎన్నికల్లో ఓటేసి వచ్చి "పేర్లే లేవు బిడ్డా, ఉంగరం, కత్తెర బొమ్మలే ఉన్నయ్" అన్నది. నేను పోయి చూస్తే నిజమే. పేరు లేకుండా బ్యాలెట్ ఎట్ల పెడ్తరు సార్? ఇది చట్టం ఒప్పుకుంటదా?
– కామారెడ్డి జిల్లా పాఠకురాలు

జవాబు: ఒప్పుకుంటదమ్మా. అసెంబ్లీ, పార్లమెంట్ ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘం చూస్తుంది, పంచాయతీ, మున్సిపాలిటీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూస్తుంది, రెండింటి రూల్స్ వేరు. తెలంగాణలో సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగులో, వార్డు మెంబర్ బ్యాలెట్ తెల్లగా ఉంటుంది, రెండిట్లోనూ గుర్తులే, చివర్లో నోటా. ఇవి పార్టీ గుర్తులు కూడా కావు, ఎందుకంటే గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీల గుర్తుల మీద జరగవు.

పేర్లు ఎందుకు వేయరంటే, రాష్ట్రంలో 12 వేలకు పైగా పంచాయతీలు, లక్షకు పైగా వార్డులు, విత్‌డ్రాలు అయ్యాక పోలింగ్‌కి మిగిలేది కొద్ది రోజులే, అంత టైంలో ప్రతి వార్డుకీ వేరే పేర్లతో ప్రింట్ చేయించి తప్పుల్లేకుండా చూసి పంపడం అయ్యే పని కాదు. అందుకని ఒక వరుసలో గుర్తులు ముందే ప్రింట్ చేసి పెట్టుకుంటారు, అభ్యర్థుల పేర్లని తెలుగు అక్షర క్రమంలో పెట్టి ఆ వరుసలోనే గుర్తులు ఇచ్చేస్తారు. "నాకు ఉంగరం కావాలి" అని అడిగినా ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

పద్ధతి అర్థమైంది గానీ నాకైతే నచ్చదు. చదువొచ్చిన మనిషికి కూడా లోపలికెళ్లాక కత్తెర ఎవరిదో గుర్తు రాకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. కనీసం పేరు, గుర్తు పక్కపక్కన ఉన్న లిస్టు లైన్లో నిలబడ్డవాళ్లకి కనపడేంత పెద్ద అక్షరాల్లో గోడకి పెట్టాలి. మీ ఊళ్లో అది కనపడకపోతే వచ్చేసారి గట్టిగా అడగండి.

ప్రశ్న: మా బాబాయి పేరు 'అ'తో మొదలవుతుందండీ. అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నిలబడితే లిస్టులో ఎక్కడో అడుగున వేశారు, 'ర'తో మొదలయ్యే పార్టీ ఆయన మాత్రం పైన ఉన్నాడు. ఇదేం అక్షర క్రమం? ఎవరో చెయ్యి తడిపారని మా వాళ్ల డౌట్.
– గుంటూరు పాఠకుడు

జవాబు: ఆ డౌట్ పెట్టుకోకండి, ఆ వరుస ఆఫీసర్ ఇష్టం మీద ఉండదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 38వ సెక్షన్ ప్రకారం అభ్యర్థుల్ని మూడు గుంపులు చేస్తారు. ముందు గుర్తింపు ఉన్న జాతీయ, రాష్ట్ర పార్టీలవాళ్లు, తర్వాత రిజిస్టర్ అయ్యి గుర్తింపు లేని పార్టీలవాళ్లు, చివర ఇండిపెండెంట్లు. అక్షర క్రమం ఏ గుంపుకి ఆ గుంపులోనే. మీ బాబాయి ఇండిపెండెంట్లలో మొదట ఉండి ఉంటారు చూడండి. పేరు ముందుండే ఇనిషియల్స్ మామూలుగా లెక్కలోకి రావు. జనం పిలిచే పేరు వేరే అయితే ఆ పేరు వేయమని లిస్టు తయారయ్యేలోపు రాసివ్వొచ్చు, చాలామంది ఈ సంగతి తెలీక బళ్లో రాయించిన పేరుతోనే ఉండిపోతారు, తీరా ఊళ్లో ఆ పేరు ఎవరికీ తెలీదు.

ఈ గుంపుల పద్ధతి 1996లో చట్టం మార్చినప్పుడు వచ్చింది. ఆ ఏడాదే నల్గొండ లోక్‌సభకి ఏకంగా 480 మంది పోటీ చేశారు, నీళ్ల కోసం చేసిన నిరసన అది, బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకం అయిపోయింది. తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకైతే 1,033 మంది. దాంతో లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు, ఇండిపెండెంట్‌కి పదిమంది ప్రతిపాదించాలన్నారు. అయినా 2019లో నిజామాబాద్‌లో మళ్లీ 185 మంది నిలబడ్డారు, ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఈవీఎం బ్యాలెట్ యూనిట్ ఒక్కోదాంట్లో 16 మీటలే కదా, 12 యూనిట్లు పక్కపక్కన పేర్చారు, లెక్కేస్తే నోటా 186వది, అంటే 12వ యూనిట్లో పదో మీట. ఓ ముసలాయన తనకి కావాల్సిన పేరు కోసం ఆ పన్నెండూ వెతుక్కోవాలంటే ఎంత కష్టమో ఆలోచించండి, అయినా రైతులు అలా నిలబడ్డం తప్పని మాత్రం నేను అనను.

ఇక ఒకే పేరువాళ్లని పోటీకి దించే ఎత్తు మీకు తెలిసిందే. 2014లో ఛత్తీస్‌గఢ్ మహాసముంద్‌లో చందూలాల్ సాహు పేరుతో అరడజనుకి పైగా మంది నిలబడ్డారు, గెలిచిన సాహు మెజారిటీ 1,217 ఓట్లు. ఒకే పేరుంటే పక్కన వృత్తో ఊరో వేసి తేడా చూపించాలని రూల్ ముందునుంచీ ఉంది, కానీ ఓటేసే హడావిడిలో అది చదివేదెవరు? అందుకే 2015 మే 1 నుంచి ఫోటో కూడా పెట్టారు, 2025 సెప్టెంబర్లో ఇంకో అడుగు వేసి కలర్ ఫోటో, అందులో ముప్పావు వంతు చోటు మొహానికే ఉండాలి, అంకెలు 30 సైజులో బోల్డుగా ఉండాలి, పేర్లన్నీ ఒకే ఫాంట్ ఒకే సైజు అన్నారు, బీహార్ ఎన్నికలతో మొదలుపెట్టారు. ఎప్పుడో చేయాల్సింది ఇది. కళ్లు సరిగా ఆనని వాళ్లకి ఆ సైజే అసలైన సాయం.

ప్రశ్న: గుర్తు తప్పు ప్రింటయితే ఏం చేస్తారు? ఆ ఓట్లు చెల్లుతాయా?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: మీ సిటీలోనే జరిగిందండీ. 2020 డిసెంబర్ 1న జీహెచ్ఎంసీ పోలింగ్‌లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ అభ్యర్థి పేరు ఎదురుగా కంకి కొడవలి బదులు సీపీఎం వాళ్ల సుత్తి కొడవలి నక్షత్రం పడింది. దూరం నుంచి రెండూ కొడవళ్లే, కానీ పార్టీలు వేరు. పోలింగ్ ఆపేసి 3వ తేదీన మళ్లీ పెట్టారు. ఆ ఎన్నికల్లోనే ఇంకోటి, ఓటేయాల్సిన స్వస్తిక్ ముద్ర బదులు పోలింగ్ స్టేషన్ గుర్తింపు ముద్ర పడిన ఓట్లు లెక్కపెట్టాలా వద్దా అని గొడవై హైకోర్టు దాకా వెళ్లింది, నేరేడ్‌మెట్‌లో అలాంటి ఓట్లు మెజారిటీ కంటే ఎక్కువ ఉండటంతో రిజల్ట్ ఆగిపోయింది. బూత్‌లో చేతికి తప్పు స్టాంపు ఇచ్చింది సిబ్బంది అయితే దానికి ఓటరు ఓటు పోగొట్టుకోవడం అన్యాయం, నా అభిప్రాయం అదే.

ప్రశ్న: కారు, రోడ్డు రోలర్ ఒకేలా ఉంటాయా? ఎవరైనా పొరపడతారా?
– నల్గొండ పాఠకుడు

జవాబు: కారు గుర్తున్న టీఆర్ఎస్ (ఇప్పుడు బీఆర్ఎస్) వాదన అదే, చిన్న నలుపు తెలుపు బొమ్మలో రెండూ ఒకేలా కనపడుతున్నాయని. 2022 మునుగోడు ఉపఎన్నికలో ఓ అభ్యర్థికి వచ్చిన రోడ్డు రోలర్‌ని రిటర్నింగ్ ఆఫీసర్ మార్చేస్తే ఎన్నికల సంఘం తిరిగి ఇప్పించి ఆ ఆఫీసర్‌ని తప్పించింది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ పార్టీ పిటిషన్‌ని పక్కన పెట్టేసింది. ఓటేశాక వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చూపించే మెషీన్) స్లిప్ 7 సెకన్లు కనపడుతుంది, పేరు, గుర్తు, నంబర్ అన్నీ ఉంటాయి, ఆ 7 సెకన్లూ దాన్నే చూడమని ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి పంపండి.

ప్రశ్న: డిగ్రీలు చదివినవాళ్ల ఎమ్మెల్సీ ఎన్నికలో అన్ని వేల ఓట్లు ఎలా చెల్లకుండా పోతాయి సార్?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: అక్కడ గుర్తులుండవు, స్టాంపు ఉండదు, వాళ్లిచ్చిన ఊదా స్కెచ్ పెన్నుతో పేర్ల ఎదురుగా మీ ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ సీటుకి 93 మంది, బ్యాలెట్ న్యూస్ పేపరంత ఉంది. మనవాళ్లు అలవాటు కొద్దీ టిక్కు పెడతారు, 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తారు, కొందరు సంతకం కూడా చేస్తారు, ఇవన్నీ చెల్లవు. 1 తప్పకుండా ఉండాలి, అదీ ఒక్కరికే. తెలుగు అంకె ౧ వేసినా, రోమన్ అంకె వేసినా పర్లేదు, కానీ సొంత పెన్ను వాడొద్దు. 2, 3 వేయడం మీ ఇష్టం. 1 సరిగా ఉండి, పొరపాటున 2 ఇద్దరికి వేశారనుకోండి, మొదటి ఓటుకి ఏం కాదు, ఆ 2 నుంచి మాత్రం లెక్కలోకి తీసుకోరు.