కేస్-కంట్రోలా, రెట్రోస్పెక్టివ్ కోహార్టా: రికార్డులు తెరిచాక తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నారు. గర్భిణుల్లో రక్తహీనతకూ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికీ ఉన్న సంబంధం మీద థీసిస్. ఆసుపత్రిలో మూడేళ్ల కాన్పుల రికార్డులున్నాయి. గైడ్ గారు కేస్-కంట్రోల్ చెయ్యమన్నారు, సీనియర్ రెట్రోస్పెక్టివ్ కోహార్ట్ మేలన్నారు. రెండూ వెనక్కి చూసేవే కదా, తేడా ఎక్కడుంది, ఏది ఎంచుకోవాలి అని అడిగారు.

దాదాపు ఇదే అంశం మీద, ఇదే అయోమయంలో నేనూ థీసిస్ చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

"వెనక్కి చూడటం" అన్న మాటను ముందు పక్కన పెట్టేయండి. మన పీజీల్ని తికమక పెట్టేది అదే. అసలు చూడాల్సింది, మీ ఎక్సెల్ షీట్‌లోకి ఒక తల్లి ఎలా వచ్చి చేరిందన్నది. బిడ్డ బరువు చూసి ఆమెను తీసుకున్నారా? అయితే అది కేస్-కంట్రోల్. బిడ్డ బరువు సంగతి అసలు పట్టించుకోకుండా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇక్కడ కాన్పయిన వాళ్లందర్నీ చేర్చి, ఆ తర్వాత ఎవరి హిమోగ్లోబిన్ ఎంత, ఎవరి బిడ్డ ఎంత బరువు అని చూశారా? అయితే అది కోహార్ట్. అన్నీ ఎప్పుడో జరిగిపోయినవే అయినా సరే.

ఈ తేడా నాకు తెలిసొచ్చింది వైవాలో. తక్కువ బరువు బిడ్డల తల్లుల్నీ, సరైన బరువు బిడ్డల తల్లుల్నీ సమాన సంఖ్యలో తీసుకుని కేస్-కంట్రోల్ అని పేరు పెట్టాను. అంతవరకు బాగానే ఉంది. కానీ రిజల్ట్స్‌లో "రక్తహీనత ఉన్న తల్లుల్లో ఇంత శాతం మందికి తక్కువ బరువు బిడ్డలు పుట్టారు" అని ఒక టేబుల్ వేశాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ టేబుల్ మీద వేలు పెట్టి, "ఏమ్మా, మీ ఊళ్లో పుట్టే పిల్లల్లో సగం మంది ఇలాగే పుడతారా?" అని అడిగారు. నాకు వెంటనే తట్టలేదు. "ఆ సగం నువ్వు పెట్టిన సగమే కదమ్మా" అన్నారు. రెండేళ్ల పని చేతిలో పట్టుకుని జవాబు లేక నిలబడ్డ ఆ నిమిషం నాకింకా గుర్తుంది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

లెక్క వేసి చూపిస్తాను. ఇవి నేను ఊహించుకున్న అంకెలు, ఏ ఆసుపత్రివీ కావు. 1,000 కాన్పులు అనుకుందాం. 500 మంది తల్లులకు రక్తహీనత, వాళ్లలో 150 మందికి తక్కువ బరువు బిడ్డలు, అంటే 30 శాతం. మిగతా 500 మందిలో 75 మందికి, అంటే 15 శాతం. అందర్నీ తీసుకున్న కోహార్ట్‌లో రిలేటివ్ రిస్క్, అంటే ఒక గుంపు ముప్పు ఇంకో గుంపు ముప్పుకి ఎన్ని రెట్లో ఆ అంకె, సరిగ్గా 2. ఇప్పుడు అదే ఆసుపత్రిలో కేస్-కంట్రోల్ చేద్దాం. కేసులు, అంటే తక్కువ బరువు బిడ్డల తల్లులు, మొత్తం 225. మిగిలిన 775 మందిలోంచి 225 మందిని కంట్రోల్స్‌గా, అంటే పోల్చి చూడటానికి, లాటరీ తీసినట్టు తీస్తే, వాళ్లలో సుమారు 102 మందికి రక్తహీనత ఉంటుంది, 123 మందికి ఉండదు. నేను చేసిన పొరపాటే చేస్తే రక్తహీనత ఉన్నవాళ్లలో "రిస్క్" 150 బై 252, దగ్గర దగ్గర 60 శాతం. అసలుది 30. కంట్రోల్స్‌ని రెట్టింపు తీసుకుంటే ఆ 60 కూడా మారిపోతుంది. మీరు ఎంతమందిని తీసుకున్నారన్న దాన్నిబట్టి మారే అంకె తల్లుల గురించి ఏమీ చెప్పదు.

ఇక్కడ నిలబడేది ఆడ్స్ రేషియో ఒక్కటే. ఒక్కో గుంపులో తక్కువ బరువు బిడ్డలు పుట్టినవాళ్లను పుట్టనివాళ్లతో భాగించి (150 బై 350, 75 బై 425), ఆ రెండూ ఒకదానికి ఒకటి ఎన్ని రెట్లో చూసే అంకె అది. వెయ్యి మందిలో లెక్కేసినా 2.43, ఈ 450 మందిలో లెక్కేసినా కాస్త అటూ ఇటూగా అంతే. కేస్-కంట్రోల్‌కి ఉన్న బలం ఇదే. అయితే ఆ 2.43ని "రక్తహీనత ఉంటే ముప్పు దాదాపు రెండున్నర రెట్లు" అని రాయకూడదు, ఎందుకంటే అసలు ముప్పు రెట్టింపే. జబ్బు అరుదైనదైతే ఈ రెండు అంకెలూ దాదాపు కలిసిపోతాయి. తక్కువ బరువు జననం మన దగ్గర అరుదు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో బరువు తూచిన బిడ్డల్లో సుమారు 18 శాతం మంది 2.5 కిలోల లోపే ఉన్నారు. అదే సర్వేలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. కారణమూ సాధారణమే, ఫలితమూ సాధారణమే. ఇలాంటి చోట కోహార్ట్‌కి మనుషుల కొరత ఉండదు.

మరి కేస్-కంట్రోల్ ఎక్కడ తప్పనిసరి అంటే, జబ్బు అరుదైనప్పుడు. 1971లో బోస్టన్‌లో హెర్బ్‌స్ట్ బృందం, పడుచు అమ్మాయిల్లో అంతకు ముందు దాదాపు కనిపించని యోని క్యాన్సర్ గురించి రాసింది. కేసులు ఎనిమిదే. ఒక్కో కేసుకు నలుగురు చొప్పున 32 మంది కంట్రోల్స్‌ని, అదే ఆసుపత్రిలో ఐదు రోజుల తేడాలో పుట్టిన ఆడపిల్లల్లోంచి, జనన రికార్డులు చూసి తీసుకున్నారు. ఎనిమిది మంది తల్లుల్లో ఏడుగురు గర్భంతో ఉన్నప్పుడు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోన్ మందు వాడారు. 32 మందిలో ఒక్కరూ వాడలేదు. దీన్ని కోహార్ట్‌గా మొదలుపెట్టి ఉంటే ఎన్ని వేల మంది పిల్లల్ని ఇరవై ఏళ్లు వెంబడించాల్సి వచ్చేదో!

పొగాకు మీద పరిశోధనలతో పేరొందిన బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ డాల్ పని చూస్తే ఎంపిక ఇంకా బాగా అర్థమవుతుంది. 1950లో ఆయనా, గణాంక శాస్త్రవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ కలిసి లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద చేసింది కేస్-కంట్రోల్. మగవాళ్లలో 649 మంది కేసుల్లో పొగ తాగనివాళ్లు ఇద్దరే, 649 మంది కంట్రోల్స్‌లో 27 మంది. అదే డాల్ 1955లో ఆస్బెస్టాస్ గురించి అడిగినప్పుడు దారి మార్చారు. ఆసుపత్రిలో కూర్చుని "మీరు ఆస్బెస్టాస్‌లో పనిచేశారా" అని అడిగితే అవునని చెప్పేవాళ్లు ఎంతమంది దొరుకుతారు? అందుకని ఫ్యాక్టరీ రికార్డులు తీసుకుని, ఆ దుమ్ములో 20 ఏళ్లకు పైగా పనిచేసిన 113 మంది ఏమయ్యారో చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 0.8 మరణాలు ఉండాల్సిన చోట 11 ఉన్నాయి. అది రెట్రోస్పెక్టివ్ కోహార్ట్. కారణం అరుదైనదైతే కారణం దగ్గర మొదలుపెట్టాలి, జబ్బు అరుదైనదైతే జబ్బు దగ్గర.

మీ అంశంలో రెండూ అరుదు కాదు. కాబట్టి పుస్తకంలో ఉన్న ఆ సూత్రం మీకు పనికిరాదు. మీ సమస్యను తేల్చేది మీ రికార్డులే.

నేను చూసిన లేబర్ రూమ్ రిజిస్టర్ గురించి చెప్తాను. పెద్ద పుస్తకం, ఒక్కో కాన్పుకు రెండు పేజీల అడ్డంగా ఒక వరుస. బిడ్డ బరువు గడిలో 2.5, 2.5, 3, 2.8, 2.5, 3. ఒక పేజీలో 2.5 ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి భయపడ్డాను. అర్ధరాత్రి ఒక్క సిస్టర్ మూడు కాన్పులు చూసుకుంటూ రాసిన అంకెలవి, ఆమెను తప్పు పట్టను. కానీ మన నిర్వచనం 2.5 కిలోల లోపు అని కదా. 2.42 ఉన్న బిడ్డను 2.5 అని రాస్తే ఆ బిడ్డ కేసు కాస్తా కంట్రోల్ అయిపోతుంది. డిజైన్ ఏదైనా ఈ దెబ్బ తప్పదు. ఎన్ని వరుసల్లో సరిగ్గా 2.5 ఉందో ముందే లెక్కపెట్టుకోండి, థీసిస్‌లో ఆ సంఖ్య రాయండి.

హిమోగ్లోబిన్ గడి మరీ ఘోరం. కొన్ని నెలలు నిండుగా ఉంది, కొన్ని నెలలు ఖాళీ. ఖాళీగా ఉన్న వరుసల కేస్‌షీట్లు రికార్డ్ రూమ్‌లో వెతికితే ఇంకో విషయం బయటపడింది. ముఖం పాలిపోయి వచ్చినవాళ్లకు పరీక్ష తప్పకుండా చేశారు. నొప్పులు ముదిరి నేరుగా లేబర్ రూమ్‌కి వెళ్లినవాళ్లకు చాలాసార్లు చెయ్యలేదు. అంటే ఆ ఖాళీలు ఊరికే ఏర్పడినవి కావు. "హిమోగ్లోబిన్ రాసి ఉన్నవాళ్లనే తీసుకుంటాను" అంటే, మనకు తెలియకుండానే ఒక రకం తల్లుల్ని ఏరుకున్నట్టే.

ఇప్పుడు మీ ఎంపిక. హిమోగ్లోబిన్ రిజిస్టర్‌లోనే చాలావరకు ఉంటే కోహార్టే చెయ్యండి. వరుసలన్నీ ఎదురుగా ఉన్నప్పుడు కేస్-కంట్రోల్ చెయ్యడమంటే చేతిలో ఉన్న సమాచారాన్ని పారేసుకోవడమే. రిస్క్, రిలేటివ్ రిస్క్, తీవ్రమైన రక్తహీనతలో ఎంత, మామూలు దాంట్లో ఎంత, అన్నీ నేరుగా వస్తాయి.

అది కేస్‌షీట్లలోనే ఉండి, ఒక్కో కేస్‌షీట్ కోసం మూటలు విప్పి వెతకాల్సి వస్తే గైడ్ గారి మాటే సరైనది, చిన్న మార్పుతో. ముందు రిజిస్టర్‌లోంచి కాన్పులన్నిటి జాబితా రాసుకోండి. అందులో తక్కువ బరువు కేసులన్నీ తీసుకోండి. కంట్రోల్స్‌ని అదే జాబితాలోంచి, ర్యాండమ్ నంబర్లతో ఎంచుకోండి. వెతకాల్సిన కేస్‌షీట్లు సగానికి పైగా తగ్గుతాయి. పైగా 775 మందిలో 225 మందిని తీశానని మీకు తెలుసు కాబట్టి, కంట్రోల్స్ అంకెల్ని 775 బై 225తో హెచ్చిస్తే అసలు రిస్క్ కూడా తిరిగి వస్తుంది. దీన్నే కోహార్ట్ లోపలి కేస్-కంట్రోల్ అంటారు. గైడ్ గారూ, సీనియరూ ఇద్దరూ ఒప్పుకునే దారి ఇదేనని నా నమ్మకం. దయచేసి కంట్రోల్స్ కోసం ఆ రోజు వార్డులో ఎవరుంటే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. సిజేరియన్ అయినవాళ్లు వార్డులో ఎక్కువ రోజులుంటారు, కాబట్టి వాళ్లే ఎక్కువగా దొరుకుతారు.

తల్లుల్ని కూర్చోబెట్టి "ఐరన్ మాత్రలు వేసుకున్నావా అమ్మా" అని అడిగే పద్ధతికి ఇంకో చిక్కుంది. బిడ్డ ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉన్న తల్లి తన తప్పేమైనా ఉందా అని తొమ్మిది నెలలూ తవ్వుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి "ఆ, వేసుకున్నాను" అని ఊరుకుంటుంది. ఇది రీకాల్ బయాస్ అని చదువుకుంటాం గానీ, ఎదురుగా చూసినప్పుడు మనసు బరువెక్కుతుంది. అడిగేవాళ్ల మొగ్గు కూడా ఉంటుంది. డాల్, హిల్ దీన్ని తెలివిగా పరీక్షించారు: క్యాన్సర్ అనుకుని ప్రశ్నలు అడిగాక, కాదని తేలిన రోగుల జవాబులు విడిగా చూశారు. అవి కంట్రోల్స్ జవాబుల్లాగే ఉన్నాయి. అంటే అడిగినవాళ్లు జవాబుల్ని వంచలేదన్నమాట. మీరు మాత్రం బిడ్డ పుట్టకముందే రాసి ఉన్న అంకెలకే కట్టుబడండి. ఎంసీపీ కార్డు (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు) కాపీ కేస్‌షీట్‌లో ఉంటే అంతకన్నా మంచిది లేదు.

శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎవరైనా మాట్లాడినప్పుడల్లా నాకు ఇదే ఆందోళన. డయాలసిస్‌కి వచ్చినవాళ్లని ఏ నీళ్లు తాగుతారు అని అడిగితే, జబ్బు తెలిశాక మార్చుకున్న నీళ్ల పేరే చెప్పొచ్చు. పైగా డయాలసిస్ దాకా రాకుండానే పోయినవాళ్లని అడగలేం. ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే ఏ ఆడ్స్ రేషియో వచ్చినా నమ్మలేం.

ఒక్క విషయంలో మాత్రం మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి: హిమోగ్లోబిన్ ఏ నెలలో చూసినది? 32 వారాలకే కాన్పయిన తల్లికి 36వ వారం రిపోర్ట్ ఉండదు. నెలలు నిండిన తల్లికి నాలుగు రిపోర్టులుంటాయి. పైగా గర్భం మధ్య నెలల్లో రక్తం పలచబడి హిమోగ్లోబిన్ మామూలుగానే తగ్గుతుంది. "చివరి రిపోర్ట్" అని తీసుకుంటే, నెల తక్కువ బిడ్డల తల్లులకు ఒక దశలోది, మిగతావాళ్లకు ఇంకో దశలోది వస్తుంది. అందరికీ 28 వారాల లోపు చూసిన మొదటి రిపోర్ట్ అని ప్రోటోకాల్‌లోనే రాసేయండి. కవలల్ని విడిగా పెట్టండి. మీది రెఫరల్ ఆసుపత్రి అయితే, రక్తహీనత లేకుండా అక్కడికి వచ్చిన తల్లుల్లో చాలామంది బీపీ వల్లో, ఇంకో ఇబ్బంది వల్లో పీహెచ్‌సీ నుంచి పంపితే వచ్చినవాళ్లే. బీపీ కూడా బిడ్డ బరువు తగ్గిస్తుంది. కాబట్టి రక్తహీనత ప్రభావం అసలు కన్నా తక్కువగా కనిపించొచ్చు. బీపీ, కాన్పు వారాలు, రిఫర్ అయి వచ్చారా అన్న మూడు కాలమ్స్ మొదటి రోజు నుంచే షీట్‌లో పెట్టుకోండి. తర్వాత మళ్లీ మూటలు విప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) ఇవ్వడానికి ఇంకా టైమ్ ఉందన్నారు కదా. ఈ వారమే రికార్డ్ రూమ్‌కి వెళ్లి, ఏదో ఒక నెలలో వరుసగా 30 కేస్‌షీట్లు తీయండి. నచ్చినవి ఏరకుండా, వరుసగా. అందులో 28 వారాల లోపు హిమోగ్లోబిన్ ఎన్నిట్లో ఉంది, బరువు సరిగ్గా 2.5 అని ఎన్నిట్లో ఉంది, ఎన్ని కేస్‌షీట్లు అసలు దొరకలేదు అన్నది రాసుకోండి. ఆ మూడు సంఖ్యలూ, ఏడాదికి ఎన్ని కాన్పులవుతాయన్నదీ ఇక్కడ పెట్టండి. శాంపిల్ సైజ్ కలిసి వేద్దాం.