గుమ్మడికాయ మీద గాటు పడితే కోసెయ్యాలా?

పెరట్లో గుమ్మడికాయ కొబ్బరికాయంత అయ్యేసరికి పైన గీతలు పడ్డాయని, ఒకచోట జిగురు కారి గడ్డకట్టిందని, ఉంచాలా కోసెయ్యాలా అని అడిగారు. దయచేసి ఇప్పుడే కోయకండి. మాది కావలి దగ్గర పల్లె, ఏటా పాదు పెడతాం. ఒక్క మచ్చ కూడా లేకుండా పెరిగిన కాయ మా దొడ్లో అరుదు.

లేత కాయకి దెబ్బ తగిలితే జిగురు ఊరుతుంది. అది ఎండిపోయి, ఆ చోట తోలు బెరడులా గట్టిపడుతుంది. కాయతో పాటు మచ్చ కూడా సాగుతుంది కాబట్టి గాయం పెరుగుతోందేమో అనిపిస్తుంది. టెన్షన్ పడకండి. తాకితే పొడిగా, గట్టిగా ఉంటే మానినట్టే. కోడి పొడిచినా, ఉడుత గీకినా, కంచె ముల్లు గీసుకున్నా ఇంతే.

అసలు చూడాల్సింది పండు ఈగ సంగతి. అది కుట్టిన చోట సూది గుచ్చినంత రంధ్రం ఉంటుంది. చుట్టూ తోలు కాస్త లోపలికి నొక్కుకుపోయి, మెత్తబడి, పసుపు తిరుగుతుంది. లోపల గుడ్లు పొదిగి పురుగులు కండ తినేస్తుంటాయి. ఆ కాయ మీద ఆశ వదులుకోండి. కోసి పాదు కిందే పడేస్తే మాత్రం పురుగులు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగలై వస్తాయి. పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించి కొన్నాళ్ళు ఎండలో పెట్టండి. పిందెలకి పాత పలుచటి గుడ్డ సంచి తొడిగితే ఈగ వాలదు. వాసనతో ఈగల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట కొనేటప్పుడు 'క్యూ లూర్' అనే ఎర ఉన్నదే అడగండి. మామిడి తోటల్లో వాడే మిథైల్ యూజినాల్ ఎరకి ఈ ఈగ రాదు. ఆ బుట్టలో పడేవి కూడా మగ ఈగలే, అందుకే గుడ్డ సంచి మానొద్దు.

మీది ఈగ పోటు కాకపోతే గాయాన్ని పొడిగా ఉంచడమే వైద్యం. మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ నెలల్లో తడి నేలకి ఆనుకున్న మచ్చే కుళ్ళుతుంది. కాయ కింద ఎండు వరిగడ్డి గానీ, పాత పెంకు గానీ పెట్టండి. కాయని ఎత్తేటప్పుడు తొడిమ మెలితిరగకుండా చూసుకోండి. గీత కంటే తొడిమ విరగడమే పెద్ద నష్టం. నీళ్ళు పొద్దున్నే పాదు మొదలు దగ్గర పోయండి, కాయ మీద చల్లొద్దు. సున్నం, మైనం లాంటివి పూయమని చెప్పేవాళ్ళుంటారు. నాకు అది నచ్చదు, లోపలి తడి బయటికి పోనివ్వదు.

ఎండగట్టి ఒక్కసారిగా నీళ్ళు పెడితే కాయ నిలువునా పగులుతుంది. పగులు కండదాకా దిగితే ఆగొద్దు. వాసన బాగుంటే లేతదైనా కోసి కూర చేసుకోండి.

గోరు గుచ్చినా దిగనంతగా తోలు ముదిరి, తొడిమ ఎండాక, రెండంగుళాల తొడిమ ఉంచి కోయండి. మచ్చ ఉన్న కాయని అటక మీద దాచకుండా ముందు వాడేయండి. పులుసుకైనా దప్పళానికైనా రుచిలో తేడా ఉండదు.