పార్టీలే లేని అసెంబ్లీలో ఒక్క ఎమ్మెల్యే అడిగితే పనవుతుందా?

మీరు అడిగింది ఇది కదా, కెనడాలో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అసెంబ్లీలో పార్టీలే ఉండవట, మరి ఎక్కడో మూలనున్న ఏరియా ఎమ్మెల్యే లేచి మా రోడ్డు సంగతేంటి, మా ఆదివాసీ ప్రభుత్వంతో ఒప్పందం సంగతేంటి అంటే ఎవరైనా పట్టించుకుంటారా, అసలు ఆ ఆదివాసీ ప్రభుత్వం మన ఐటీడీఏ లాంటిదేనా అని. నేను అక్కడి రాజధాని ఎల్లోనైఫ్‌లో కొన్నేళ్ళు ఉన్నాను, ఉత్తరాది ఊళ్ళకి సరుకు పంపే ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని, అందుకని నాకు తెలిసింది రాస్తున్నా. పట్టించుకుంటారు, పట్టించుకోక తప్పదు కూడా. ఐటీడీఏ లాంటిది మాత్రం అస్సలు కాదు.

ముందు సభ లెక్క చెప్తా. మొత్తం 19 మంది ఎమ్మెల్యేలు, అందరూ ఇండిపెండెంట్లే. గెలిచాక వాళ్ళలో వాళ్ళే రహస్య ఓటుతో ముఖ్యమంత్రి లాంటి ప్రీమియర్‌ని, మంత్రుల్ని ఎన్నుకుంటారు. ప్రీమియర్‌తో కలిపి కేబినెట్ 7 గురు, స్పీకర్ ఒకరు, మిగతా 11 మంది మామూలు సభ్యులు. అంటే కేబినెట్ ఎప్పుడూ మైనారిటీయే, విప్ అనేదే లేదు, బడ్జెట్ పాస్ అవ్వాలంటే ఆ 11 మందిలో కొందరిని ఒప్పించుకోవాల్సిందే. అందుకే మంత్రి ఏ ఎమ్మెల్యేనీ తేలిగ్గా తీసిపారెయ్యలేడు. కాకపోతే ఆ 19లో 7 సీట్లు ఒక్క ఎల్లోనైఫ్‌వే, 1999లో జనాభాకి తగ్గట్టు రాజధానికి సీట్లు లేవన్న కోర్టు కేసు వల్ల సీట్లు 14 నుంచి 19కి పెరిగినప్పుడు రాజధానికి బలం పెరిగిపోతుందని ఆదివాసీ సంఘాలు గట్టిగానే వ్యతిరేకించాయి. జనాభా చూస్తే రాజధానిలోనే దాదాపు సగం మంది ఉంటారు కాబట్టి కోర్టు చెప్పినదాంట్లో న్యాయం లేదనలేను, కానీ సాహ్తూ అనే మారుమూల ప్రాంతం లాంటి చోట అయిదు ఊళ్ళకి కలిపి ఒక్కడే ఎమ్మెల్యే. నార్మన్ వెల్స్, తులీటా, డెలీనే, ఫోర్ట్ గుడ్ హోప్, కొల్‌విల్ లేక్, ఈ అయిదింటి గోడూ ఆ ఒక్క గొంతులోంచే రావాలి.

సాహ్తూ గోడు ఏంటో నాకు ఆఫీసు బిల్లుల్లోనే తెలిసింది. ఏడాది పొడుగునా తిరిగే రోడ్డు లేదు అక్కడికి. మెకెంజీ హైవే రిగ్లీ దగ్గర ఆగిపోతుంది, అక్కణ్ణించి చలికాలంలో నదులూ నేలా గడ్డకట్టాక వేసే వింటర్ రోడ్డే దిక్కు, వేసవిలో అయితే మెకెంజీ నది మీద బార్జీలు, మిగతాదంతా విమానం. డిసెంబరు వచ్చిందంటే మా ఆఫీసుకి ఫోన్లన్నీ ఒకటే, రోడ్డు ఎప్పుడు తెరుస్తున్నారు, ఎంత బరువుకి పర్మిషన్ ఇచ్చారు అని. మంచు ఆలస్యంగా పట్టిన ఏడాది ట్రక్కు మీద వెళ్ళాల్సిన జనరేటర్ పార్టు విమానం ఎక్కేది, బిల్లు టైప్ చేస్తుంటే నాకే చేతులు ఆడేవి కావు, ఇదంతా చివరికి ఒక చిన్న ఊళ్ళో ఎవరి కిరాణా ధరలోనో కలుస్తుంది కదా అనిపించేది. 2024లో అయితే నదిలో నీళ్ళు బాగా తగ్గిపోయి సాహ్తూకి బార్జీలే వెళ్ళలేదు, ఇంధనం కూడా విమానాల్లో మోయాల్సి వచ్చింది, ఇళ్ళు వెచ్చబెట్టుకునే ఖర్చు చూసి జనం హడలిపోయారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, నార్మన్ వెల్స్ అంటే 1920లో చమురు పడిన ఊరు, ఆ చమురు పడ్డాకే కెనడా ప్రభుత్వం పరుగున వచ్చి 1921లో ఆ నది పొడవునా ఉన్న డెనే అనే ఆదివాసీ ప్రజలతో ట్రీటీ 11 అనే ఒప్పందం చేసుకుంది, 1985 నుంచి ఆ చమురు పైపులైన్లో దక్షిణానికి పోయింది. వందేళ్ళు చమురు ఇచ్చిన ఊరికి ఇంధనం విమానంలో రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇవన్నీ సభలో ఎలా వస్తాయో చూడాలంటే గ్యాలరీలోకి ఎవరైనా వెళ్ళొచ్చు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మొదలవుతుంది, నేను లంచ్ టైములో వెళ్ళి కూర్చునేదాన్ని. అధికార భాషలు 11, అందులో తొమ్మిది ఆదివాసీ భాషలే, చెవిలో పెట్టుకుని వినడానికి ఇయర్‌ఫోన్లు ఉంటాయి, ఎమ్మెల్యే తన భాషలో మొదలుపెడితే అనువాదం వస్తుంది. ముందు ఒక్కో సభ్యుడికి రెండున్నర నిమిషాల స్టేట్‌మెంట్, టైమ్ అయిపోతే సభ అనుమతి అడుగుతాడు, నేను చూసినంతలో ఎవరూ కాదనేవాళ్ళు కాదు. తర్వాత ప్రశ్నలు, ఒకటి అడిగాక దాని మీద ఇంకో మూడు అడగొచ్చు. నాకు బాగా నచ్చింది ఈ నాలుగు ప్రశ్నల పద్ధతే. మొదటిదానికి మంత్రి గుండ్రంగా ఏదో చెప్తాడు, రెండోదానికి కొంచెం దిగుతాడు, నాలుగోదానికి వచ్చేసరికి సాహ్తూ నాయకులతో ఎప్పుడు కూర్చుంటారో చెప్పండి అంటే తప్పించుకోవడం కష్టం, చెప్పిన ప్రతి మాటా రికార్డులో ఉంటుంది, వచ్చే సెషన్‌లో అదే చదివి మళ్ళీ అడుగుతారు. 2003 నుంచి 2015 దాకా సాహ్తూ ఎమ్మెల్యేగా ఉన్న నార్మన్ యాకెలేయా ఈ మెకెంజీ హైవేని పొడిగించడం గురించి ఎన్నిసార్లు అడిగాడో, ఆయన సభ వదిలాక 2018లో డెనే ప్రజల సంఘమైన డెనే నేషన్ చీఫ్‌గా ఎన్నికయ్యి బయటినుంచి కూడా అడిగాడు.

ఇక ఆదివాసీ ప్రభుత్వం సంగతి. ఐటీడీఏ అంటే మన ప్రభుత్వమే పెట్టిన ఆఫీసు, పైన ప్రాజెక్టు ఆఫీసర్ ఉంటాడు, ప్రభుత్వం మారితే ప్రాధాన్యాలు మారిపోతాయి. ఇక్కడ 1993లో సాహ్తూ డెనే ప్రజలు, మెటీ (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ వంశం) ప్రజలు కెనడాతో భూమి ఒప్పందం చేసుకున్నారు, 41,437 చదరపు కిలోమీటర్లు వాళ్ళ సొంత భూమి, అంటే కేరళ కంటే ఎక్కువ. 1982 రాజ్యాంగంలో 35వ సెక్షన్ ఈ ఒప్పందాలకి రక్షణ ఇస్తుంది, అసెంబ్లీ ఒక చట్టం చేసి వీటిని తీసెయ్యలేదు. డెలీనే అయితే ఇంకో మెట్టు ఎక్కింది, 2016 సెప్టెంబరు 1 నుంచి ఊరి మున్సిపాలిటీ, బ్యాండ్ కౌన్సిల్ అనే ఆదివాసుల పాలక మండలి, భూమి కార్పొరేషన్ అన్నీ కలిసి ఒకే స్వపరిపాలన ప్రభుత్వం, దానికి చట్టాలు చేసుకునే అధికారం కూడా ఉంది. మనకి 1997 సమత తీర్పు ఉంది, ఏజెన్సీ భూముల్ని ప్రైవేటు మైనింగ్‌కి లీజుకి ఇవ్వొద్దని ప్రభుత్వాన్ని ఆపింది, చాలా పెద్ద తీర్పు, కానీ అది ఆపగలిగింది అంతవరకే, గిరిజనుల చేతికి ఒక ప్రభుత్వాన్ని ఇవ్వలేదు.

ఈ ఒప్పందాల బలం ఎంతో 2014లో చూశాం. ఆ ఏప్రిల్ 1న భూమి, ఖనిజాల మీద అధికారం ఒట్టావా, అంటే కెనడా కేంద్ర ప్రభుత్వం నుంచి టెరిటరీకి వచ్చింది, దీన్నే డివల్యూషన్ అంటారు, వచ్చే ఆదాయంలో టెరిటరీ వాటాలో 25 శాతం దాకా సంతకం పెట్టిన ఆదివాసీ ప్రభుత్వాలకి పోతుంది. అదే చట్టంలో ఫెడరల్ ప్రభుత్వం ప్రాంతాల వారీగా ఉన్న భూమి, నీటి బోర్డుల్ని రద్దు చేసి ఒకే పెద్ద బోర్డు పెడతామని కలిపేసింది. ఆ బోర్డుల్లో స్థానిక ఆదివాసీ ప్రభుత్వాల మనుషులు ఉంటారు, తమ నీళ్ళ గురించి తామే చెప్పుకునే చోటు అది. ట్లీచో అనే ఇంకో ఆదివాసీ ప్రభుత్వం కోర్టుకెళ్ళి 2015 ఫిబ్రవరిలో స్టే తెచ్చుకుంది, చివరికి 2019లో పార్లమెంటే ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంది.

ఇక్కడే ఎమ్మెల్యే పని సున్నితంగా ఉంటుంది. ఆయన ఆదివాసీ ప్రభుత్వానికి ప్రతినిధి కాదు, ఊళ్ళో అందరికీ ఎమ్మెల్యే, కానీ ఓటేసేది ఎక్కువగా వాళ్ళే. స్వపరిపాలన చర్చల గురించి అడిగితే అవి చర్చల టేబుల్ మీద ఉన్నాయి, ఇక్కడ మాట్లాడకూడదు అనే జవాబు వస్తుంది. ఆ జవాబు వింటే నాకు కోపం వచ్చేది, డెలీనే చర్చలు దాదాపు ఇరవై ఏళ్ళు నడిచాయి, అంతకాలం ఊరి మనిషికి ఏం జరుగుతుందో తెలియాలంటే సభలో ఎవరో ఒకరు అడగాలి కదా.

రోడ్డు విషయానికే వస్తే, మెకెంజీ హైవేని ఉత్తరానికి పొడిగిస్తామని ప్రధాని పియరీ ట్రూడో 1972లోనే ప్రకటించాడు. 2017లో ఇనువిక్ నుంచి టక్టోయక్టక్ దాకా రోడ్డు అయింది, అది ఇనువియాలుయిట్ అనే ఆదివాసుల ప్రాంతం, 2021లో వాటీ అనే ఊరికి 97 కిలోమీటర్ల ట్లీచో హైవే అయింది, అందులో ట్లీచో ప్రభుత్వం భాగస్వామి కూడా. సాహ్తూకి 2018లో నార్మన్ వెల్స్ దగ్గర కేన్యన్ క్రీక్ దాకా 14 కిలోమీటర్ల ముక్క పడింది. ఎమ్మెల్యే సభలోంచి నెడుతుంటే ఆదివాసీ ప్రభుత్వం ఒట్టావా వైపు నుంచి లాగినచోట రోడ్డు పడింది అని నా అభిప్రాయం, ఒక్కడే అడిగితే రికార్డులో మాట మిగులుతుంది, ఇద్దరూ కలిసి అడిగితే బడ్జెట్లో లైను పడుతుంది.

మీరు ఎల్లోనైఫ్ వస్తే ఫిబ్రవరి, మార్చిలో బడ్జెట్ సెషన్ అప్పుడు గ్యాలరీకి వెళ్ళండి, ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ శాఖ పద్దుల రోజు చూసుకుని వెళ్తే సాహ్తూ ఎమ్మెల్యే అడిగే ప్రశ్నలు తప్పకుండా వింటారు.