రిజిస్టర్లు లేని అసెంబ్లీ ఎలా పనిచేస్తుంది?

అసెంబ్లీ అంటే మెషీన్ ఆదేశాలను (ఇన్‌స్ట్రక్షన్లను) ఒక్కొక్కటిగా రాసే భాష, రిజిస్టర్లంటే ప్రాసెసర్ లోపల విలువలు పెట్టుకునే చిన్న గళ్లు. అవి లేనప్పుడు విలువలు ఎక్కడ ఉన్నాయో ఇన్‌స్ట్రక్షన్ చెప్పక్కర్లేదు, ఎప్పుడూ స్టాక్ (చివర పెట్టిందే ముందు తీసే దొంతర) పైనే ఉంటాయి. మీరడిగింది అంతే, కానీ చేసి చూస్తేనే ఎక్కుతుంది. ఉక్స్‌న్ అని ఒక బుల్లి వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఊహా కంప్యూటర్) ఉంది: 64 కిలోబైట్ల మెమరీ, 256 బైట్ల స్టాకులు రెండు (లెక్కలకొకటి, రిటర్న్ అడ్రస్‌లకొకటి), 32 మూల ఆపరేషన్లు. ప్రోగ్రామ్ హెక్స్ (16 ఆధారంగా రాసే సంఖ్యలు) 0100 అడ్రస్ దగ్గర మొదలవుతుంది. ఈ చిన్న ప్రోగ్రామ్ చూడండి, ఇందులో # అంటే దాని పక్కనున్న హెక్స్ సంఖ్యని స్టాక్‌లో పెట్టమని:

#02 #03 యాడ్ #30 యాడ్ #18 డీఈఓ

రెండు, మూడు స్టాక్‌లోకి వెళ్తాయి, యాడ్ ఆ రెండూ తీసేసి 05 పెడుతుంది, దానికి హెక్స్ 30 కలిపితే 35, అంటే ఆస్కీలో (అక్షరాలకు సంఖ్యలిచ్చే పట్టికలో) "5" అనే అక్షరం. 18 అనేది కన్సోల్ పోర్ట్ (తెరపై అక్షరాలు చూపే చోటు), డీఈఓ ఆ అక్షరాన్ని అక్కడికి పంపుతుంది. (యాడ్ ఆప్‌కోడ్, అంటే ఆ ఆదేశానికి మెషీన్ వాడే సంఖ్య, కూడా 18 కావడం ఉత్త యాదృచ్ఛికం, కంగారు పడకండి.) మొదటి ముక్కని (#02 #03 యాడ్) అసెంబుల్ చేస్తే, అంటే మెషీన్ బైట్లుగా మారిస్తే, 80 02 80 03 18, ఐదంటే ఐదు బైట్లు; ఇక్కడ 80 అంటే "తర్వాతి బైట్‌ని స్టాక్‌లో పెట్టు" అని.

ఆపరాండ్లు (ఆదేశం ఏ విలువల మీద పనిచేయాలో చెప్పే భాగాలు) విడదీసే పనే లేదు కాబట్టి అసెంబ్లర్ (రాసినదాన్ని బైట్లుగా మార్చేది), ఎమ్యులేటర్ (ఆ బైట్లను నడిపేది) రెండూ చాలా చిన్నగా రాసుకోవచ్చు. తలనొప్పంతా మనకే, ఎందుకంటే స్టాక్‌లో ఏ క్షణాన ఏముందో మనమే గుర్తుపెట్టుకోవాలి, యాడ్ బదులు 16 బిట్ల యాడ్2 రాశామంటే అది ఏ ఎర్రరూ చూపకుండా నాలుగు బైట్లు లాగేసుకుంటుంది. అందుకే ప్రతి రొటీన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) పక్కన స్టాక్‌లో ముందు ఏముండాలి, తర్వాత ఏం మిగలాలి అని కామెంట్ రాసుకోండి.