చెట్టు కింద పాఠాలు పాప కళ్లకు మంచివేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. ఈ ఏడాది నుంచి బడిలో రోజూ రెండు పీరియడ్లు ఆరుబయట వేపచెట్టు కింద చెబుతున్నారు. ఎండకు, దుమ్ముకు పాప ఏమైపోతుందోనని భయంగా ఉంది. మా వారికి మైనస్ 4 కళ్లద్దాలున్నాయి. పాపను గదిలోనే కూర్చోబెట్టమని బడివాళ్లను అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దయచేసి అలా అడగకండి. మీ వారికి ఆ పవరు ఉంది కనుకనే మీ పాపకు ఆ రెండు పీరియడ్లు మరింత అవసరం. తల్లిదండ్రుల్లో ఒకరికి హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే, మనం సైటు అని పిలుచుకునే లోపం ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆరుబయట గడిపే సమయం ఆ ముప్పును కొంత తగ్గిస్తుంది.

ఇందులో ముఖ్యమైనది వెలుతురు. ట్యూబులైటు వెలిగే తరగతి గదిలో సాధారణంగా 300 నుంచి 500 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) కాంతి ఉంటే, పగటిపూట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. ఆ కాంతికి కంటి వెనుక పొర అయిన రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై, సైటుకు దారితీసేలా కనుగుడ్డు అవసరానికి మించి పొడవు పెరగకుండా అదుపు చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు బడి ఉన్న ప్రతి రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతిని అదనంగా చేర్చి మూడేళ్లు గమనించారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం వారిలో సుమారు 30 శాతం మందికి సైటు రాగా, మామూలు పద్ధతిలో చదివిన పిల్లల్లో అది 40 శాతానికి చేరువైంది. అయితే ఒకసారి వచ్చిన సైటును ఆరుబయటి చదువు పోగొట్టజాలదు. అందుకే ఈ వయసు ఎంతో విలువైనది.

వెలుతురుతో పాటు దూరం చూడడమూ మేలే. గదిలో పుస్తకాన్ని బెత్తెడు దూరంలో పెట్టుకుని చదివే పిల్లలే, చెట్టు మొదలుకు పురికొస చుట్టి చుట్టుకొలత కొలిచేటప్పుడు తలెత్తి కొమ్మల్ని, దూరంగా ఉన్న గేటును చూస్తారు. బయటికి తీసుకెళ్లి కూడా రాతపనే చేయిస్తుంటే, ఇటువంటి పనులు చేయించమని టీచరుగారిని తప్పక కోరండి.

ఎండ గురించి మీ భయం సహేతుకమే. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆ పీరియడ్లను ఉదయం మొదట్లోనే పెట్టమనండి, నీళ్ల సీసా, టోపీ ఇచ్చి పంపండి. దుమ్ము వల్ల కళ్లు దురద పెట్టి, ఎర్రబడి, తీగలా సాగే పుసి కడితే అది అలర్జీ కావచ్చు. అప్పుడు కంటి వైద్యులకు చూపించాలే గానీ మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేయవద్దు. అవి కంటిలో ఒత్తిడిని పెంచి చూపునే దెబ్బతీయగలవు.

బోర్డు కనబడడం లేదని టీచరు చెప్పేదాకా ఆగకుండా, ఈ నెలలోనే కంటి వైద్యుల దగ్గర పాపకు కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేయించి పవరు పరీక్ష చేయించండి. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు వెలుతురు చూడలేరు, దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి కాబట్టి సెలవు రోజున వెళ్లడం మేలు.