పదాలన్నీ వచ్చు, ప్యాసేజీ అర్థం కాదు

ప్రశ్న: మా బిడ్డ పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు నల్గొండలో డిగ్రీ చివరి ఏడాది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్సెస్సీ పరీక్షకు చదువుతోంది. ఇంగ్లిష్ పదాల పుస్తకం మొత్తం బట్టీ పట్టినా ప్యాసేజీ అర్థం కావట్లేదంటోంది. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు పంపాలా, ఇంటి దగ్గరే చదివించాలా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: మీ అసలు భయం తెలుగు మీడియం గురించి. ఆ దిగులు వదిలేయండి. మీ బిడ్డకు తెలియనివి కొత్త పదాలు కావు, తెలిసిన పదాలకే ఉన్న మిగతా అర్థాలు.

'డ్రై' చూడండి. బట్టీ పుస్తకంలో 'పొడి, ఎండిన' అని ఉంటుంది. ఆరిన బట్టలకు, పొడి దగ్గుకు అది చాలు. కానీ 'డ్రై కౌ' అంటే వట్టిపోయిన ఆవు. 'డ్రై వైన్'లో తీపి ఉండదు, 'డ్రై లెక్చర్' వింటే నిద్రొస్తుంది. నీళ్లో, పాలో, తీపో, రసమో ఏదో ఒకటి లేదన్నమాట. ఈ దారం దొరికితే సగం అర్థాలు ఊహకే అందుతాయి. అందనివీ ఉంటాయి: 'డ్రై రన్' అంటే అసలు పనికి ముందు చేసి చూసుకోవడం. పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది 'డ్రై హ్యూమర్' దగ్గర. చప్పటి జోకనుకుని తప్పు ఆప్షన్ పెడతారు. నిజానికి అది నవ్వకుండా, మామూలు మాటలా వేసే చమత్కారం. వ్యతిరేక పదం కూడా ఒకటే కాదు: బట్టలకు 'వెట్', వైన్‌కు 'స్వీట్', లెక్చర్‌కు 'ఇంట్రెస్టింగ్'.

కాబట్టి నోట్‌బుక్‌లో పదాన్ని ఒంటరిగా రాయొద్దు, పక్క మాటతో కలిపి రాయాలి. రోజుకు మూడు విశేషణాలు చాలు, ఒక్కోదానికి ఒక పేజీ. ముందు అర్థం ఊహించి పెన్సిల్‌తో రాయాలి, తర్వాత ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ చూడాలి. దాని వెబ్‌సైట్ ఫోన్లో ఉచితమే, అర్థాలు నంబర్లు వేసి ఉదాహరణలతో ఉంటాయి. ఊహ తప్పిన చోట ఎర్ర గీత. వారం చివర ఆ గీతలే మళ్లీ చదవాలి.

కోచింగ్ మీద నాకు నమ్మకం తక్కువే. లెక్కలకు, టైమ్ పెట్టి రాసే టెస్టులకు పనికొస్తుంది. ఇంగ్లిష్‌కు వచ్చేసరికి చాలాచోట్ల మళ్లీ పదాల లిస్టే చేతిలో పెడతారు, ఆ లిస్టులోంచే పరీక్ష పెడతారు. మార్కులు బాగానే వస్తాయి, ప్యాసేజీ మాత్రం అలాగే ఉంటుంది. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. అన్నం దగ్గర కూర్చోబెట్టి 'ఇవాళ ఎన్ని పదాలొచ్చాయి' అని లెక్కడగడం మానండి. మీరు లెక్కడిగితే ఆమె లెక్క కోసమే చదువుతుంది.

రెండు నెలలు ఇంట్లోనే ఇలా చేయించి, పాత పేపర్లలోంచి ఐదు ప్యాసేజీలు రాయించండి. తప్పులు పదాల అర్థం దగ్గర తగ్గి గ్రామర్ దగ్గరే మిగిలితే ఊళ్లోనే మంచి ఇంగ్లిష్ టీచర్‌ను చూడండి, హాస్టల్ ఖర్చు అక్కర్లేదు. లెక్కలు కూడా వెనకబడి ఉంటేనే దిల్‌సుఖ్‌నగర్ సంగతి ఆలోచించండి.